మా తోట తెలుపు

హయాత్ బీ ఇంటి సందు మొదట్లో సోడా బండి ఉంటుంది. ఆ బండి దాకా వెళ్లి వెనక్కి తిరగడం నాకిది మూడోసారి. మొదటిసారి సోడా తాగాను. రెండోసారి దాహం లేకపోయినా తాగాను. మూడోసారి బండాయనే, "ఏం సార్, మా సోడా అంత బాగుండాదా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. యాభై నాలుగేళ్ల మనిషిని, పేరు ముందు డాక్టరు అని రాసుకునేవాణ్ణి, ఒక ఆడమనిషి గుమ్మం దాకా పోవడానికి కాళ్లు రాక సోడాలు తాగుతున్నాను. సిగ్గుండాలి అంటారు కదా, ఉంది. ఇప్పుడు నా దగ్గర మిగిలిందే అది.

రేపు పదిన్నరకు కలెక్టరాఫీసులో విచారణ. బోడిమిట్ట ఊరి బావుల్లోకి రంగుల ఫ్యాక్టరీ మందు దిగిందా లేదా, ఆ నీళ్లు మనుషులు తాగొచ్చా లేదా అన్నది అక్కడ తేలుతుంది. తాగొచ్చు అంటోంది నా సంతకం ఉన్న కాగితం. ఆ కాగితం తప్పు. తప్పని నాకు తెలిసి పదిహేను రోజులైంది. హయాత్ బీకి నాలుగేళ్ల కిందటే తెలుసు. ఆమె నాకు చెప్పింది కూడా. చెప్పినందుకు నేనామెను పనిలోంచి తీసేశాను.

నా పేరు ఓబుళేశు. మడకశిర తోవలో పట్టు పరీక్షశాల అని ఒకటుంది, దానికి పెద్దను. మా నాయన పట్టుపురుగులు పెంచినవాడు, ఆయన తల్లి, మా జేజి పెంచింది, నేను చదువుకుని కూడా పురుగుల్నే పెంచాను. కాకపోతే నా పురుగులు చీరల కోసం కాదు.

పసుపు పచ్చటి గూళ్లు అల్లే పాతకాలపు జాతి ఒకటుండేది. ఆ పసుపుకు కారణమైన జన్యువులో ఒక్కటంటే ఒక్క అక్షరం మేం చెరిపేశాం. దాంతో ఆ పురుగు తెల్లటి గూడు అల్లడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఏదైనా ఊరి నీళ్లు తెచ్చి, అందులో మల్బరీ ఆకు ముంచి, దానికి మేపుతాం. ఆ నీళ్లలో జన్యువుల్ని కెలికే మందు, అంటే మనిషి ఒంట్లోకి పోతే ఏనాటికో కాన్సరై కూర్చునే మందు ఉందనుకోండి. అది పురుగు పట్టు గ్రంథిలో అక్కడక్కడ మేం చెరిపిన అక్షరాన్ని మళ్లీ దిద్దేస్తుంది. దిద్దిన చోట దారం పసుపుగా వస్తుంది. గూడు ఉడకేసి చరఖా మీద దారం తీస్తుంటే తెలుపు మధ్య పసుపు చుక్కలు కనిపిస్తాయి. ఎలుకల మీద రెండేళ్లు పట్టే పరీక్ష మాకు నెల రోజుల్లో అయిపోయేది. సాక్షి పురుగు అని దానికి పేరు పెట్టింది నేనే. పేపర్లలో ఫొటో వేశారు. మా ఊళ్లో ఆ పేపరు కత్తిరించి హోటల్లో అంటించారు.

ఆ చుక్కలు లెక్కపెట్టేది హయాత్ బీ. పదిహేనో ఏట నుంచి చరఖా ముందు కూర్చున్న మనిషి. చరఖా తిరుగుతుంటే కళ్లు దారం మీద పెట్టి "ఏక్, దో, తీన్" అని పెదాలతో గొణిగేది. మేం తర్వాత అదే లడిని, అంటే ఆ దారం చుట్టను, యంత్రం కింద పెట్టి చూస్తే ఒకటో రెండో తేడా ఉండేది, ఆ తప్పూ యంత్రానిదే. ఆమె పనిలో చేరిన రోజు నేను చెప్పిన మాట ఒక్కటే: "పసుపు జోలికి పోవద్దు హయాత్ బీ. వేలికి పసుపుంటే దారానికి అంటుతుంది, లెక్కంతా తప్పుతుంది." ఆమె తలూపింది. నేను మరిచిపోయాను.

ఇందులో ఒక మెలిక ఉంది. ఏ మందూ లేని మంచి ఆకు పెట్టినా లడికి పదో పన్నెండో చుక్కలు వాటంతటవే పడతాయి. పుట్టుకలోనే అంతో ఇంతో పొరపాటుంటుంది. అందుకని ప్రతి పంటకూ ఒక తట్టకు అదే ఆకు ఏ నీళ్లలోనూ ముంచకుండా ఉత్తగా మేపుతాం. అది కంట్రోలు. ఊరి నీళ్ల తట్టలో చుక్కలు కంట్రోలుకు రెట్టింపో, అంతకన్నా ఎక్కువో ఉంటే ఆ నీళ్లకు దోషం ఉన్నట్టు. రెట్టింపు లేకపోతే లేనట్టు. లోకమంతా ఇట్లాంటి పరీక్షలకు ఇట్లాంటి లెక్కే.

మరి మచ్చలేని ఆకు ఎక్కడ దొరుకుతుంది? అందరూ తలలు పట్టుకుంటుంటే నేను గుండె మీద చెయ్యేసుకుని చెప్పాను, మా తోట ఉందని. మా నాయన నాటిన ఎకరన్నర మల్బరీ. పురుగుమందు కొట్టం, ఫ్యాక్టరీ గాలి రాదు, బావి నీళ్లు. చెల్లెలు కదిరమ్మ, ఆమె మొగుడు రంగప్ప చేసుకుంటున్నారు. మనింటి ఆకు కన్నా తెల్లటి ఆకు ఎక్కడిది అని మీసం తిప్పాను. మీసం తిప్పడమంటే నిజంగానే తిప్పాను, ఆ మీటింగు ఫొటో ఇంకా గోడ మీదుంది.

ఎవరైనా నీళ్లు తెస్తే కూడా అదే చెప్పేవాణ్ణి. బోడిమిట్ట సుంకన్న మూడేళ్ల కిందట కూల్‌డ్రింకు సీసాలో బావి నీళ్లు పోసుకుని వచ్చాడు. ఊళ్లో పదకొండు మందికి మూత్రంలో రక్తం పడుతోందని, ఆ బావుల నీళ్లు తాగడం మానేసి ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచి మోసుకొస్తున్నారని చెప్పాడు. పరీక్ష చేశాం. రెట్టింపు రాలేదు. నేనే కాగితం చేతికిచ్చి, "భయపడాకండి సుంకన్నా. మా ఇంటి ఆకుతో పోల్చి చూసినా. నీళ్లు మంచివే" అన్నాను.

"మీరు చెప్పినారు, సాలు సార్," అన్నాడు సుంకన్న. సీసాలో మిగిలిన నీళ్లు అక్కడే నా ముందరే గటగటా తాగేశాడు. ఊరికి పోయి బావుల మీద మూతలు తీయించాడు.

ఈ ఏడు ఉగాది దాటాక వడగళ్ల వాన పడి మా తోట ఆకంతా చిల్లులు పడిపోయింది. అదే సమయానికి బోడిమిట్ట వాళ్లు మళ్లీ అర్జీ పెట్టుకున్నారు, మళ్లీ పరీక్ష చెయ్యమని పైనుంచి ఉత్తరం వచ్చింది. ఆకు లేదు. చేసేది లేక ఎక్కడో కొండ అవతల రైతు దగ్గర ఆకు కొన్నాం. నెల తిరిగాక లెక్క చూస్తే కంట్రోలు పదకొండు. బోడిమిట్ట యాభై నాలుగు.

దాదాపు అయిదు రెట్లు.

నాకు ముందు కోపం వచ్చింది. నా అలవాటది, ఏది తేడా కొట్టినా ముందు ఎవరో ఒకరి మీద కోపం వస్తుంది. గుడ్లు పాడయ్యాయన్నాను. కొన్న ఆకు మంచిది కాదన్నాను. మంచిది కాని ఆకుకు చుక్కలు పెరగాలి గాని తగ్గుతాయా అని అడిగేవాళ్లు లేరు. అక్కడ అందరూ నాకు భయపడేవాళ్లే. మళ్లీ చేశాం. పన్నెండు, యాభై ఏడు.

అప్పుడు స్టోరు గది తీయించాను. ఏడేళ్ల కంట్రోలు లడీలు అక్కడ సంచుల్లో ఉన్నాయి, ఒక్కోదానికి తేదీ చీటీ కట్టి. హయాత్ బీ వెళ్లిపోయాక దారం తీసేది ఎవరో ఒక కూలీ, లెక్క యంత్రానిది. యంత్రం ఎన్ని రెట్లో మాత్రమే చెప్పేది, నాక్కావలసిందీ అంతే. లడీలవైపు ఎవడు చూశాడు? కట్టినవి కట్టినట్టు సంచుల్లోకి పోయేవి. వాటిని బల్ల మీద వరసగా పరిచాను, మొదటి ఏడాది ఆ చివర, ఈ ఏడాది ఈ చివర.

మొదటిది కొత్త పంచెలా ఉంది. చివరిది ఉతికి ఉతికి రంగు మారిన పంచెలా ఉంది. మధ్యలో మెట్లు మెట్లుగా పసుపు దిగుతూ వచ్చింది. లెక్కపెట్టించాను. పన్నెండు, పదిహేడు, ఇరవై ఆరు, ముప్ఫై మూడు... చివరికి యాభై ఎనిమిది. మా తోట తెలుపు అది! సుంకన్న వచ్చిన ఏటి లడికి నలభై ఆరు, దానికి రెట్టింపు తొంభై రెండు కావాలి. బోడిమిట్ట నీళ్లకు ఎనభై తొమ్మిది వచ్చింది. మంచి నీళ్లని సంతకం చేశాను. ఆ ఒక్క ఊరనేముంది, అయిదారేళ్లుగా నా దగ్గరికొచ్చిన ప్రతి ఊరూ మంచిదే అయిపోయింది. తప్పుడు కొలబద్ద పట్టుకుని జిల్లా అంతా కొలిచాను.

అయితే తోటకు ఏమైంది? ఆ సంగతి తెలుసుకోవడానికి కదిరమ్మ ఇంటికి వెళ్లాను. భోజనాల వేళ. చెల్లెలు సంగటి ముద్ద, తోటకూర పప్పు పెట్టింది. మల్బరీ సాళ్ల మధ్య ఖాళీలో ఆ తోటకూర వేస్తుంది, అరచేతి వెడల్పు ఆకులు.

"ఈసారి ఎరువు పంపలేదేమన్నా?" అంది, నెయ్యి వేస్తూ.

ముద్ద నా చేతిలోనే ఆగిపోయింది.

పట్టుపురుగుల పెంటికలు, తిని వదిలేసిన పుల్లలు తిరిగి మల్బరీ తోటకే పోవాలి. మా దగ్గర అది ఎవరూ చెప్పి చేయించే పని కాదు, తరతరాలుగా చేతులకు తెలిసిన పని. ఒక్క గుప్పెడు పెంటికలు రోడ్డు మీద పడేసినా మా నాయన వీపు పగలగొట్టేవాడు. పరీక్షశాలలో రాసిన నియమం వేరు. తట్టల చెత్త మొత్తం బట్టీలో కాల్చెయ్యాలి. బట్టీ కూడా ఉంది. కానీ ట్రాక్టరు ఎరువును కాల్చి బూడిద చెయ్యడమా? నా చేతులు రాలేదు. మొదటి ఏడాది నుంచీ తోటకే తోలించాను. చెల్లెలికి ఏదో సాయం చేస్తున్నాననుకున్నాను.

ఆ చెత్తలో ఏముంది? జిల్లాలోని ప్రతి అనుమానపు నీళ్లలో ముంచిన ఆకు ఉంది. అదొక్కటే కాదు. పురుగులు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూడటానికి ప్రతి పంటలో ఒక తట్టకు, కచ్చితంగా కాన్సరు తెస్తుందని లోకానికి తెలిసిన మందే మేపుతాం. ఆ తట్ట పెంటికలు కూడా ఆ ట్రాక్టరులోనే పోయాయి. మా నాయన నాటిన తోటలో దాన్ని పోసింది ఏ ఫ్యాక్టరీ వాడో కాదు, నేను.

"ఎరువు వేసినప్పటి నుంచి కూర ఎట్లొస్తాందో చూసినావా? ఊరంతా మాతోటే కొంటారు. మీ బావ అయితే ఇది లేనిదే ముద్ద ముట్టడు," అంది కదిరమ్మ.

ఆమెకు చెప్పాలి. అప్పుడే చెప్పాలి. నేనేం చేశానో తెలుసా? పళ్లెంలో ఉన్నదంతా తిన్నాను. తినకపోతే ఎందుకని అడుగుతుందని భయపడి తిన్నాను. ఇంకొంచెం వెయ్యనా అంటే వద్దన్నాను, చెయ్యి కడుక్కుని వచ్చేశాను. పదమూడు రోజులు ఆ ముద్ద గొంతులోనే ఉంది. నేను వచ్చేశాక ఆ పదమూడు రోజులూ వాళ్లు అదే కూర తిన్నారు. ఏడేళ్లు తెలియక చేసింది ఒక ఎత్తు. తెలిసి పదమూడు రోజులు నోరు మూసుకున్నది మాత్రం ఇంకెవరి మీదికీ నెట్టలేను.

నిన్న పొద్దున వెళ్లి చెప్పాను. బావ పొలానికి పోయాడు. చెల్లెలు అరుగు మీద కూర్చుని విన్నది. అయ్యాక లేచి కొడవలి తీసుకుని తోటలోకి పోయింది. తోటకూర సాళ్లన్నీ మొదలంటా కోసింది. మేకలు ముట్టకుండా కుప్ప మీద కంప కప్పింది. అంతా అయ్యాక వచ్చింది.

"మీ బావకు ఏమన్నా అయితాదా?"

"చెప్పలేనమ్మీ. ఒక మనిషికి వస్తాదో రాదో ఏ పరీక్షా చెప్పలేదు."

"నువ్వు ఎరువు తోలిచ్చినప్పుడల్లా, మా అన్న ఉండాడు కాబట్టి ఈ తోట నిలబడిందని ఊర్లో చెప్పుకున్నా," అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను కాస్త తట్టుకునేవాణ్ణి. "ఇంకెవరికన్నా చెప్పాల్సింది ఉండాదా, లేకుంటే నాతోనే అయిపోయినట్టేనా?"

అందుకే ఈ సందు మొదట్లో నిలబడి సోడాలు తాగుతున్నాను.

నాలుగేళ్ల కిందట హయాత్ బీ కూతురు నఫీసా పెళ్లి. నన్ను పిలిచింది, వెళ్లాను. పెళ్లికూతురికి పసుపు పెట్టే సాయంత్రం అది. చుట్టాలాడవాళ్లంతా పిల్ల చేతులకు, చెంపలకు పసుపు పూస్తూ ఒకరి మీద ఒకరు జల్లుకుంటున్నారు. తల్లి మాత్రం చేతులు రెండూ పైటకొంగులో చుట్టుకుని దూరంగా స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. చుట్టాలు లాగుతున్నా రాలేదు. కూతురి పెళ్లిలో కూడా ఏమి బిగువమ్మా ఈమెకు అనుకున్నాను.

మర్నాడు పొద్దున పనికి వచ్చింది. వచ్చి, కంట్రోలు లడి తెచ్చి నా బల్ల మీద పెట్టి, "సార్, మీ తోట పట్టు పసుపుకు తిరుగుతాంది. ఒక పంట కాదు, పంట పంటకూ ఎక్కువైతాంది. కొంచెం చూడండి," అంది.

మా తోట. మా నాయన తోట. "రాత్రంతా పెళ్లింట్లో పసుపు పిసికి పొద్దున్నే వచ్చి దారం పట్టుకుంటే పసుపు కాక ఏం వస్తుంది? ఒక్క మాట చెప్పినాను నీకు, ఒక్కటి! అది కూడా చేతకాదా?" అని అందరి ముందూ అరిచాను. ఆమె నోరు తెరవబోయింది. తెరవనివ్వలేదు. ఆ రోజే కాగితం రాశాను: దారం తీసే మనిషి చేతి పసుపు అంటినందువల్ల కంట్రోలు లడి రంగు మారింది, ఆమెను తొలగించి లెక్కకు యంత్రం పెడుతున్నాము. సంతకం. ముద్ర.

నాలుగో సోడా తాగకుండా సందులోకి నడిచాను.

ఇంటి ముందు చాప మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. నడుముకు పనిలో ఉన్నప్పుడూ కట్టుకునే వక్కాకు సంచి. నన్ను చూసి లేచి నిలబడింది. అరుగు మీద కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు.

"హయాత్ బీ, మీరు చెప్పిందే నిజం," అన్నాను. పనిలో ఉన్నన్నాళ్లూ నువ్వనే పిలిచాను. ఇప్పుడు మీరు అని దానంతటదే వచ్చింది. తోట సంగతి, ఎరువు సంగతి, బోడిమిట్ట సంగతి, రేపటి విచారణ అన్నీ చెప్పాను. లడీలు అక్కడ చూపిస్తాననీ, వాటిలో మొదటి మూడేళ్లవి చేత్తో తీసిన మనిషి వచ్చి నిజమని చెబితే బలం ఉంటుందనీ అన్నాను.

ఆమె చాప మీది వక్కలు ఒక పక్కకు తీసింది. "నా మీద ఒక కాగితం రాసినారంట గదా సార్. నాకు చదువు రాదు. దాంట్లో ఏముండాది?"

"అది ఇప్పుడెందుకు..."

"చదవండి."

కాగితం నా సంచిలోనే ఉంది. ఆమె గుమ్మం ముందు నిలబడి పైకి చదివాను. పక్కింటావిడ గోడ మీదుగా వింటోంది. 'చేతి పసుపు' దగ్గర ఆగాను. చదవమన్నట్టు చూసింది. చివరిదాకా, సంతకం దాకా చదివాను.

"ఇంతేనా?" అంది. "సరే. ఎన్ని గంటలకు రావాల?"

మర్నాడు విచారణకు కూర్చున్న అధికారి పెద్దామె, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి చూసే మనిషి. హాల్లో ఒకవైపు బోడిమిట్ట వాళ్లు నలభై మంది, ముందు వరసలో సుంకన్న, బాగా చిక్కిపోయి. రెండోవైపు ఫ్యాక్టరీ వాళ్లు. వెనక తలుపు దగ్గర కదిరమ్మ నిలబడి ఉంది. నేను రమ్మనలేదు.

లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. నా కంట్రోలు చెడిపోయిందని, చెడగొట్టింది నేనేనని, ఏడేళ్ల కాగితాల్లో దేన్నీ నమ్మొద్దని, కొత్త ఆకుతో బోడిమిట్ట నీళ్లకు రెండుసార్లూ దాదాపు అయిదు రెట్లు వచ్చిందని. లడీలను బల్ల మీద వరసగా పరిచాను. అధికారి కళ్లద్దాలు పైకి తోసుకుని వంగి చూసింది.

ఫ్యాక్టరీ లాయరు లేచాడు. నవ్వు మొహం మనిషి. ఒక కాగితం తీశాడు. ఎక్కడ సంపాదించాడో, నా కాగితమే.

"డాక్టరుగారు ఈ రోజు తోట చెడిందంటున్నారు. నాలుగేళ్ల కిందట వారే స్వహస్తాలతో ఏం రాశారో వినండి మేడం. దారం తీసే మనిషి చేతి పసుపు అంటడం వల్ల! అంటే ఈ లడీల పసుపు చేతుల పసుపు, ఆమెది కాకపోతే ఆమె తర్వాత దారం తీసినవాళ్లది. తోటకేం కాలేదు. తోటకేం కాకపోతే కంట్రోలు సరైనదే, బోడిమిట్ట నీళ్లు మంచివన్న కాగితమూ సరైనదే. డాక్టరుగారు అప్పుడు అబద్ధం రాశారా, ఇప్పుడు అబద్ధం చెబుతున్నారా?"

"అప్పుడే," అన్నాను.

"చూడకుండానే రాశారా?"

"చూడకుండానే."

హాల్లో గుసగుస. లాయరు చేతులు చాపాడు. "ఈ మాటకు రుజువేది? పసుపు పసుపే కదా మేడం!"

అప్పుడు హయాత్ బీ లేచింది. ఎవరినీ ఏమీ అడగలేదు. బల్ల దగ్గరికి వచ్చి నడుము సంచి విప్పి సున్నం డబ్బీ తీసింది. "అమ్మా, ఇంత పసుపు తెప్పిస్తారా?" అని అధికారినే అడిగింది. క్యాంటీను నుంచి కాగితం పొట్లంలో తెచ్చారు. మొదటి ఏడాది తెల్ల లడి కొసకు, తను ముట్టుకోకుండా, అటెండరు చేత తడి పసుపు పూయించింది. దాని మీద డబ్బీలోని పుల్లతో సున్నం రాసింది. కళ్ల ముందరే కొస ఎర్రగా, పారాణి రంగుకు తిరిగిపోయింది. హాల్లో ఆడవాళ్లు నవ్వారు. పసుపుకు సున్నం తగిలితే ఎరుపవుతుందని తెలియని ఆడమనిషి ఉందా!

తర్వాత ఆమె చివరి లడి తీసుకుంది. ఆ పసుపు మీద మూడు వేళ్ల సున్నం మందంగా రాసింది. చూశాం. అందరం చూశాం. పసుపు పసుపుగానే ఉంది. నాలుగేళ్ల కిందట నాకు చూపించిన లడి కూడా తీసి దానికీ రాసింది. అదీ మారలేదు.

"ఇది చేతి పసుపు గాదమ్మా. పురుగు కడుపులో నుంచి వచ్చిన పసుపు," అని డబ్బీ మూత పెట్టి వెళ్లి కూర్చుంది.

ఎంత పని అది? చిటికెడు సున్నం. ఆ రోజు నా బల్లకు బారెడు దూరంలో ఆమె నడుముకే ఉంది. ఇంత చదువూ చదివి, జన్యువులో అక్షరం చెరపడం నేర్చుకుని, ఒక వేలు సున్నం రాసి చూడాలని నాకు తోచలేదు. తోచకపోవడమేమిటి, చూడటం ఇష్టం లేకపోయింది. ఆ రోజు చూసి ఉంటే ట్రాక్టరు ఆగేది. మరుసటి ఏడు సుంకన్న సీసా పట్టుకొచ్చేటప్పటికి నా చేతిలో నిజం కాగితం ఉండేది.

బోడిమిట్ట బావులు ఆ పూటే మూయమని, ట్యాంకర్లు పంపమని అధికారి రాసింది. నా పరీక్షశాలకు తాళం వెయ్యమని, మా తోట మట్టి, బావి పరీక్షకు తీసుకోమని కూడా రాసింది. అందులో నేను కాదనేది ఏమీ లేదు.

బయట వరండాలో సుంకన్న ఎదురొచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "మీరు తాగొచ్చన్నాక మూడేండ్లు తాగినాం సార్," అన్నాడు. "మా కోడలు వద్దు వద్దంటాంటే నేనే తాగిపిచ్చినా. సార్ ఇంటి ఆకుతో చూసినాడని చెప్పినా." నేను వంగి అతని కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు. తన వాళ్లతో కలిసి మెట్లు దిగి పోయాడు.

హయాత్ బీ బస్టాపులో నిలబడి ఉంది, పక్కన కదిరమ్మ. నేను దగ్గరికి వెళ్లాను. క్షమించమని అడగాలని నోరు తెరిస్తే, వేరే మాట వచ్చింది.

"ఆ రోజు నఫీసా పెళ్లిలో మీరు దూరంగా నిలబడ్డారు. పసుపు పెట్టలేదు. ఎందుకు?"

నేనేదో తెలివితక్కువ మాట అడిగినట్టు చూసింది.

"పనిలో చేరినప్పుడు మీరే చెప్పినారు గదా సార్, పసుపు జోలికి పోవద్దని. ఆ పొద్దు నుంచి మా ఇంట్లో కూరకు కూడా వెయ్యలేదు, ఏడ వేలికి అంటుతాదో అని. పెళ్లినాడు పిల్ల ఒకటే ఏడుపు, అమ్మీ నువ్వొక్క చుక్కన్నా పెట్టమని. చుట్టాలు నానా మాటలు అన్నారు." సున్నం అంటిన వేళ్లు కొంగుకు తుడుచుకుంది. "పొద్దున్నే మీ తోట లడి తీసేది ఉండ్య గదా సార్. ఎట్ల పెట్టేది?"

బస్సు వచ్చింది. కదిరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ముందు ఎక్కించి, తనూ ఎక్కింది. నా వైపు తిరిగి చూడలేదు. నేను కిందే ఉండిపోయాను.